చెక్కచేప నడక

"అడగను. చెయ్యి కోసేసుకుంటాను గానీ వాణ్ణి అడగను."

"కోసుకోండి. కత్తి కూడా నేనే తెచ్చిస్తాను. ఏ చేత్తో కోసుకుంటారో అది చెప్పండి ముందు. ఎడమ చేతిలో గాలం దిగింది, కుడి చేతికేమో వణుకు!"

"నోరు కాస్త తగ్గించు. గోడ పల్చన. అటు వినబడుతుంది."

"వినబడాలనే అరుస్తున్నా!"

వినబడింది. గోడకి ఇవతల బల్ల ముందు కూర్చున్న మనిషికి ఒక్క మాట కూడా పొల్లుపోకుండా వినబడింది. పటకారు చేతిలో పట్టుకుని, నోరు తెరుచుకుని అలాగే కూర్చుండిపోయాడు. అవతల అరుస్తున్నది వదిన. అరిపించుకుంటున్నది అన్న. అడగను అంటున్న 'వాడు' తనే.

రేవుకు దిగే వీధి చివర ఆ కొట్టు ఉంటుంది. నిజానికి ఒకటే కొట్టు. మధ్యలో ప్లైవుడ్ గోడ ఒకటి నిలబెట్టి, వీధి వైపు రెండో తలుపు కోయించి, రెండు కొట్లు చేశారు. పొడుగాటి పని బల్లని మాత్రం రెండు ముక్కలు చేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అందుకని గోడ సరిగ్గా బల్ల మీద కూర్చుంది. సగం బల్ల అటు, సగం ఇటు. అటు ఉలి దెబ్బ పడితే ఇటు డబ్బాలో రింగులు గలగలమంటాయి. మాటల్లేవు గానీ, అన్న పనిలో ఉన్నాడా లేడా అన్న సంగతి తమ్ముడికి ఆ గలగలే చెబుతుంది.

వీధిలో ఈ అన్నదమ్ముల అసలు పేర్లు పోస్టు తెచ్చే మనిషికి తప్ప ఇంకెవరికీ గుర్తులేవు. పెద్దాయన్ని ఉలి అంటారు, చిన్నాయన్ని పటకారు అంటారు. ఎదురుగానే అంటారు, వాళ్లూ పలుకుతారు.

ఉలి చెక్కతో చేపలు చేస్తాడు. ఆడుకునే చేపలు కావు, చేపల్ని పట్టే చేపలు. అరచేతిలో పట్టేంత ఉంటుంది ఒక్కోటి. గడ్డం కింద చిన్న రేకు నాలుక, కడుపు కింద ఒక గాలం, తోక దగ్గర ఇంకో గాలం, ఒక్కో గాలానికి మూడు మొనలు. దారం కట్టి నీళ్లలో లాగితే, దెబ్బ తగిలిన చేప ఎలా పోతుందో అలా అటూ ఇటూ ఊగుతూ పోతుంది. పెద్ద చేప చూసి, తేరగా దొరికిందిరా అనుకుని నోట కరుచుకుంటుంది. అంతే సంగతి. ఆ ఊగడాన్ని ఉలి 'నడక' అంటాడు. రంగు కాదు, కళ్లు కాదు, పొలుసులు కాదు, నడక. నడక లేని చేప పొయ్యిలోకి అనేవాడు. అన్నట్టే పొయ్యిలో పెట్టేవాడు కూడా.

గాలాలు పటకారు పని. కొత్త చేపకి తొడగడం, పాతదానికి మార్చడం. నీళ్లలో తిరిగిన గాలం ఊరుకోదు. తుప్పు పడుతుంది, మొన మొద్దుబారుతుంది, బలమైన చేప పడితే వంకీ సాగిపోతుంది. పటకారు చేతిలో ముక్కు వంకర పటకారు ఒకటి ఉంటుంది. దానితో గాలాన్ని చేపకి పట్టి ఉంచే రింగు చుట్టని కొంచెం విడదీసి, పాత గాలాన్ని బయటికి తిప్పి, కొత్తదాన్ని లోపలికి తిప్పుతాడు. ఆ తర్వాత మొనని బొటనవేలి గోటి మీద పెట్టి లాగుతాడు. జారిందా, పారేస్తాడు. గోటికి పట్టిందా, సరే. ఆయన బొటనవేలి గోరు చూస్తే పిల్లి గీరిన తలుపులా ఉంటుంది.

ఒకప్పుడు ఆ బల్ల మీద చేప అటు నుంచి ఇటు వచ్చేది. అన్న చెక్కేవాడు, తమ్ముడు తొడిగేవాడు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి మూలనున్న సిమెంటు తొట్టి దగ్గరికి వెళ్లేవాళ్లు. తొట్టిలో నడిపి చూడని చేప గడప దాటకూడదు. అది కొట్టు పుట్టినప్పటి నుంచి ఉన్న కట్టుబాటు. ఎందుకంటే గాలం బరువే చేప నడకని మార్చేస్తుంది. కాస్త బరువెక్కితే తోక కుంగుతుంది. కాస్త తేలికైతే చేప పక్కకి పడుకుంటుంది. తిక్క వ్యవహారం.

ఆ కట్టుబాటు తప్పింది తమ్ముడే.

పై ఊరి కొట్టువాడొకడు గంపెడు చేపలు కావాలన్నాడు. మీ గాలాలు పెద్ద చేపలకి ఆగడం లేదు, లావువి వేయండి అన్నాడు. సరిగ్గా అప్పుడే ఉలి కొట్టులో లేడు. భార్యని పురుటికి తీసుకెళ్లి, ఆస్పత్రి వరండాలో పడుకుంటున్నాడు. పటకారు కుర్రతనంలో ఉన్నాడు. ఉక్కు ఎంత లావైతే అంత గొప్ప అనుకునే వయసు. అన్ని చేపలకీ లావు గాలాలు తొడిగాడు. వరసగా వేలాడదీసి చూస్తే తళతళా మెరిశాయి. తొట్టి నింపాలంటే వీధి కుళాయి నుంచి బకెట్లు మోయాలి. కుళాయి దగ్గర గొడవ. పోనిద్దూ, అనుకున్నాడు. మూటగట్టి పంపేశాడు.

గోనె సంచుల్లో తిరిగొచ్చాయి. నీళ్లలో వేస్తే ఒక్కటీ నడవలేదట. తోకలు కిందికి వేలేసి, పూటుగా తాగినవాళ్లలా మునిగిపోయాయట. వాటితోపాటు పై ఊరివాడి తిట్లు కూడా వచ్చాయి.

"తొట్టిలో వేసి చూశావా?" అని అడిగాడు ఉలి. కొట్టు నిండా జనం.

"చూశాను," అన్నాడు పటకారు.

"చూస్తే ఇలా ఎందుకవుతుంది?"

"నీ చెక్కలో లోపమేమో."

ఆ మాటతో ఉలికి మండిపోయింది. "ఒరేయ్, నీకు ఇనుము తెలుసేమో గానీ నీళ్లు తెలీవు. నీది కూలి చెయ్యిరా, పనివాడి చెయ్యి కాదు," అన్నాడు అందరి ముందూ. పటకారు మాత్రం తగ్గుతాడా? "నా గాలం లేకపోతే నీవన్నీ చంటిపిల్లలు చీకే బొమ్మలే," అన్నాడు.

అదీ జరిగింది. పైకి చెప్పుకోవడానికి ఎంత! ఆస్తి తగాదా కాదు, ఆడదాని గొడవ కాదు. ఒక తొట్టి, రెండు మాటలు. ఆ వారంలోనే గోడ లేచింది. సిమెంటు తొట్టి అటువైపు ఉండిపోయింది. అప్పటి నుంచి ఇద్దరిదీ ఎడమొహం పెడమొహం. పటకారు భార్య పోయినప్పుడు వదిన వచ్చి ఇంట్లో అందరికీ వండిపెట్టింది. ఉలి కూడా వచ్చాడు. వీధిలో జనంతోపాటు నిలబడ్డాడు. తలెత్తి చూశాడు, చూసి తల దించుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు పలకరించి ఉంటే పటకారు ఆయన భుజం మీద పడి ఏడ్చేవాడే. ఈయన ఒక అడుగు వేసినా ఆయన పలకరించేవాడే. ఇద్దరిలో ఒక్కడికీ కాలు కదల్లేదు.

గోడ లేచాక పటకారు బుద్ధి తెచ్చుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే చంటిపిల్లలకి స్నానం పోసే ప్లాస్టిక్ తొట్టి ఒకటి కొనుక్కొచ్చాడు, నీలం రంగుది, అంచు మీద బాతు బొమ్మలున్నది. ఏ చేపకి గాలం మార్చినా అందులో నడిపి చూడనిదే ఇవ్వడం మానేశాడు. అన్న ఎదుట చేయాల్సిన పనిని అన్న లేకుండా చేసుకుంటూ వచ్చాడు.

అన్న చేపలు కూడా వచ్చేవి. ఎందుకు రావు? కొత్తది ఆ తలుపులో కొంటారు, గాలం తుప్పు పడితే ఈ తలుపులోకి పట్టుకొస్తారు. ఉలి తొడిగే గాలాలు మరీ సన్నవి, ముందే సాగిపోయేవి. ఆ చేపలు చేతిలోకి వచ్చినప్పుడల్లా పటకారు వాటిని పక్కకి పెట్టి, అందరూ వెళ్లాక తీరిగ్గా తిప్పి చూసుకునేవాడు. అన్న మొహం సరిగ్గా చూడక ఎన్నేళ్లయిందో గానీ, అన్న ఎలా ఉన్నాడో ఆ చేపలే చెప్పేవి. మనవరాలు పుట్టిన ఏడు పొలుసులు మరీ ముచ్చటగా వచ్చాయి. ఏదో ఏడు రంగు పల్చబడింది, చేతిలో డబ్బు ఆడటం లేదన్నమాట. ఆ తర్వాత ఉలి గాట్లు వంకర పోయాయి. చెయ్యి వణుకుతోందన్నమాట. ఈ మధ్య కళ్లు ఒకదానికొకటి కుదరడం లేదు. ఒక కన్ను ఉండాల్సిన చోటే ఉంటుంది, రెండోది నుదుటి మీదికి ఎక్కుతుంది.

కళ్లదేముంది, చేపకి అవి అలంకారమే. అసలు బాధ వేరు. నిన్నగాక మొన్న ఆ తలుపులో కొన్న చేపలు తిన్నగా ఈ తలుపులోకి రాసాగాయి. "మామా, ఇది పక్కకి పడుకుంటోంది. కాస్త చూడవా?" అని. పటకారు కడుపు గాలం మార్చి, కాస్త బరువైనది వేసి, అప్పటికీ కుదరకపోతే గాలం కాడకి సీసం తీగ ఒక చుట్టు చుట్టి, బాతుల తొట్టిలో నడిపించి, నడక వచ్చేదాకా వదిలేవాడు కాదు. ఇచ్చేటప్పుడు గొంతు తగ్గించి, "అటుపక్క చెప్పకు," అనేవాడు. అన్నకి తెలియకుండా అన్న పరువు కాస్తున్నాననుకున్నాడు. దొంగతనంగా చేసే మేలు అది. అందులో ఒక సుఖం ఉంది, క్షమించమని అడిగే పని ఉండదు.

ఇప్పుడు అవతల అన్న చేతిలో గాలం దిగింది.

"పదండి ఆస్పత్రికైనా."

"ఆ క్యూలో నిలబడేలోపు చెయ్యి దానంతటదే ఊడిపోతుంది."

"అయితే నేనే పీకుతా. ఇటివ్వండి."

"నువ్వా? అమ్మా! ముట్టుకోకు, ముట్టుకోకే!"

పటకారు లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. ఎదురు ముల్లు సంగతి ఆయనకి తెలుసు. గాలం మొన పక్కనే వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. లోపలికి పోవడమే గానీ బయటికి రాదు. తెలియనివాళ్లు లాగితే కండ ఊడొస్తుంది. "వదినా! లాగకండి!" అని గోడకేసి కేక పెట్టాడు. అన్ని ఏళ్లలో ఆ గోడకి ఆయన చెప్పిన మొదటి మాట అదే.

ఆ తర్వాత తలుపు చప్పుడు. వదిన ముందు, వెనక ఉలి. ఎడమ చెయ్యి గాల్లో పెట్టుకుని, దానికి వేలాడే చెక్కచేపతో సహా, బడి ఎగ్గొట్టి దొరికిపోయినవాడిలా గుమ్మంలో నిలబడ్డాడు. వదిన పసిపిల్లల బడిలో ఆయా. మొండికేసేవాళ్లని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టడం ఆవిడకి రోజూ ఉండే పనే. మొగుణ్ణి కూడా అలాగే స్టూలు మీద కూర్చోబెట్టింది.

"ఇదిగో అబ్బాయ్. నీ అన్న. తెలుసు కదా ఈయన?"

పటకారు స్టూలు పక్కన వంగాడు. చెయ్యి అందుకున్నాడు. బొటనవేలి మొదట్లో కండలో ఒక మొన పూర్తిగా దిగింది. మిగతా రెండు మొనలు పైకి లేచి, ఎవరు దొరుకుతారా అని చూస్తున్నాయి. చెయ్యి ముడతలు పడింది, బరువు తగ్గింది. చిన్నప్పుడు రేవు మెట్ల మీద జారకుండా తనని పట్టుకున్న చెయ్యి.

ముందు రింగు విప్పి చేపని వేరు చేశాడు. కట్టరుతో మిగతా రెండు మొనలూ కత్తిరించాడు. గట్టి దారం ఒకటి గాలం వంకీకి మెలేసి, కొస తన వేలికి చుట్టుకున్నాడు. ఎడమ చేత్తో గాలం కాడని చర్మం మీదికి నొక్కిపట్టాడు. అలా నొక్కితే లోపల ముల్లు కండని వదులుతుంది. అప్పుడు ఒక్క గుంజు గుంజాలి. మనిషి బిగుసుకుపోతే మాత్రం కుదరదు, అతని ధ్యాస వేరేచోట ఉండాలి. ఉలి అప్పటికే కొయ్యలా బిగుసుకున్నాడు.

పటకారు బల్ల మీది చేపని చూసి, నోటికొచ్చింది అనేశాడు. "చేపకి కన్ను అంత పైకి పెట్టావేంటి? టోపీ పెట్టుకున్నట్టుంది."

"ఎంత పైకి?" అన్నాడు ఉలి.

టప్పున గుంజాడు. గాలం ఎగిరి గోడకి తగిలి కింద పడింది. ఉలి అబ్బా అనలేదు. రక్తం బొట్టు ఒకటి ఉబ్బి కిందికి జారింది. వదిన కొంగు అదిమిపెట్టి, "సూది మందు మాత్రం వేయించుకుని తీరాలి, ఇప్పుడే చెబుతున్నా," అంది. ఉలి ఆ మాట వినిపించుకోలేదు.

"ఎంత పైకి పెట్టానురా?" అన్నాడు మళ్లీ.

అప్పుడు గానీ పటకారుకి తన నోరు ఏం చేసిందో తెలియలేదు. కోప్పడతాడనుకున్నాడు. నీకేం తెలుసు అంటాడనుకున్నాడు. ఎంత పైకి అని అడుగుతాడనుకోలేదు.

"ఏం లేదులే. ఊరికే అన్నాను, నువ్వు బిగుసుకున్నావని."

ఉలి కుడి చెయ్యి బల్ల మీద తడుముకుంటూ పోయింది. బల్ల ఆయనకి కొత్తా? గోడకి ఇటువైపు ముక్క, అంతే. చివర పళ్లెం తగిలింది. అందులో చేపలున్నాయి, ఎవరెవరో ఇచ్చినవి. ఒకటి తీసి వేలితో నిమిరాడు. వీపు, కడుపు, తోక. తనదే. గాలం కాడ దగ్గర వేలు ఆగింది. సీసం తీగ చుట్టు తగిలింది.

"తుప్పు పట్టాయని మార్చాను," అన్నాడు పటకారు, అడగకముందే.

"రంగు ఇంకా అంటుకుంటోందిరా వేలికి. పోయినవారం అమ్మింది ఇది. దీనికి తుప్పెక్కడిది?"

ఉలి రెండోది తీశాడు. దానికీ సీసం చుట్టు ఉంది. ఇంకొకటి తీయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తొట్టి ఉందా నీ దగ్గర?"

"ఉంది."

"ఆ చేపకి గాలం తొడుగు. నా చేతికి వేలాడినదానికి."

క్షణంలో తొడిగాడు. గోటి మీద మొన లాగి చూసుకున్నాడు కూడా, అలవాటు పోలేదు. ఉలి చేప ముక్కుకి దారం కట్టి, కొస చూపుడువేలికి చుట్టుకుని, బాతుల తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. చేపని నీళ్లలో వదిలి మెల్లగా లాగాడు. చేప రెండు జానలు పోయి, పక్కకి ఒరిగి, పొట్ట బయటపెట్టి, అలాగే ఈడ్చుకుపోయింది. నడక లేదు. ఊపు లేదు. చచ్చిన చేప.

పటకారు చేపని చూడలేక అన్న మొహం చూశాడు. అన్న చేపని చూడటం లేదు. తొట్టి అంచుని చూస్తున్నాడు.

"నడక ఉందా?" అని అడిగాడు ఉలి.

"ఉంది అన్నయ్యా. బ్రహ్మాండంగా ఉంది."

ఉలి ఇంకోసారి లాగాడు. వేలు కదలకుండా పట్టుకుని, దారం చెప్పేది వింటున్నట్టు తల పక్కకి వంచాడు.

"అప్పుడూ ఇంత గట్టిగానే చెప్పావు," అన్నాడు. "చూశానని."

పటకారు తొట్టి అంచు పట్టుకున్నాడు.

"నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి తొట్టిలో సాలీడు గూడు కట్టి ఉంది రా. ఈ గోడ నుంచి ఆ గోడకి, చక్కగా. నీళ్లలో ఎవడైనా గూడు కడతాడా?"

"మరి తెలిసి... ఆ రోజే ఎందుకు అడగలేదు?"

"అడిగాను కదా."

"ఇంకోసారి అడిగితే చెప్పేవాణ్ణి."

"అడక్కుండా చెబుతావేమోనని చూశాను." ఉలి దారం విప్పుకుంటున్నాడు. ముడి దొరకడం లేదు. "చూస్తూ చూస్తూ కళ్లే పోయాయి. మధ్యలో మచ్చలా వచ్చిందిరా. చుట్టుపక్కలవి కనబడతాయి. చూడాలనుకున్నదే కనబడదు. నా తొట్టిలో నడుస్తున్నాయనే అనుకున్నాను. నేను మాత్రం తక్కువవాణ్ణా? అంతమందిలో అనకుండా ఉండాల్సింది. నీది పనివాడి చెయ్యే. ఇందాక లాగావు కదా, తెలీనే లేదు."

"వదినకి ఇదంతా తెలుసా..." అని పటకారు తల తిప్పాడు. వదిన గోడ వైపు తిరిగి నిలబడింది. ఆవిడకి సాలీడు సంగతీ, కళ్ల సంగతీ తెలుసన్నమాట. "ఒక సాలీడుకి ఉన్న తెలివి మీ ఇద్దరికీ లేదు," అంది అటు తిరిగే. "అదైనా గూడు కట్టింది. మీరు గోడ కట్టారు."

పటకారు ముందుకు వంగి అన్న వేలి నుంచి దారం ముడి విప్పాడు. ఇకమీదట గాలాలు నేను తొడుగుతాను, తొట్టిలో నేను చూస్తాను, నువ్వు చెక్కుతూ ఉండు చాలు, అందాం అనుకున్నాడు. అది అనాల్సిన రోజు ఎప్పుడో వెళ్లిపోయింది. వంకర గాట్లు, నుదుటి మీది కళ్లు, అన్నీ ఎదురుగా పళ్లెంలోనే ఉన్నాయి. అయినా అన్నాడు. "నేను చూసిపెడతా అన్నయ్యా. నువ్వు..."

ఉలి చెయ్యి ఎత్తి ఆపాడు. నీళ్లోడుతున్న చేపని చొక్కాకి తుడిచి, తమ్ముడి అరచేతిలో పెట్టి, వేళ్లు ముడిచాడు.

"నా గోడకి వేలాడుతున్నవి ఇంకా ఉన్నాయి. అన్నీ ఇటు తెచ్చుకో. ఎవడికీ అమ్మకు. గాలాలన్నీ పీకెయ్. రింగులు కూడా తీసెయ్, చంటివాళ్లు నోట్లో పెట్టుకుంటారు. మీ వదిన బడికి పట్టుకెళుతుంది. చిన్న పటకారుతో తియ్యరా, రంగు పోకుండా."